అక్షరం తొడిగే చేయి

కిందటేడు వినాయక చవితి వెళ్ళిన వారానికి, మా నిడదవోలులో మగ్గం పని చేసే కుర్రాడి దగ్గరికి ఒక కాగితం పట్టుకుని వెళ్ళాను. దాని మీద మూడు గ్రీకు అక్షరాలున్నాయి. డల్లాసు దగ్గర చదువుకుంటున్న మా అక్క మనవరాలు అక్కడి కాలేజీలో మన దేశపు ఆడపిల్లలు నడుపుకునే సొరోరిటీ అనే ఒక సంఘంలో చేరింది. చేరానని ఫోనులో చెబుతున్నప్పుడు దాని గొంతులో పలికిన సంబరం విని, ఆ సంఘం పేరైన ఆ మూడు అక్షరాలు నీలం పట్టు చున్నీ కొంగున కుట్టించి పంపాలనిపించింది. మా అక్క ఉండి ఉంటే ఈపాటికి ఆ పని చేసేసేది. అక్క లేదు కాబట్టి ఆ వంతు నాది అనుకున్నాను. పిల్లకి మాత్రం చెప్పలేదు.

కుర్రాడు పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, పల్లకీలు, వధూవరుల పేర్లు కుట్టి చేయి తిరిగినవాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదే భాషండీ?"

"గ్రీకు."

"ఆయ్. ఈ మూడు మూలలది ముందు కుట్టేస్తానండి, దీనికి వంపుల్లేవు."

ట్రేసింగ్ కాగితం మీద అక్షరం గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచాడు. చట్రానికి బిగించిన గుడ్డ మీద ఆ కాగితం పరిచి తెల్లపొడి రుద్దాడు. కాగితం పైకెత్తేసరికి నీలం పట్టు మీద చుక్కలు చుక్కలుగా అక్షరం తేలింది, సంక్రాంతి ముగ్గుకి ముందు పెట్టుకునే చుక్కల్లాగా. ఆ మూడు మూలల అక్షరం పేరు డెల్టా.

ఆ పేరు విన్నాక నాకు ఆ అక్షరం పరాయిదిగా తోచలేదు. నైలు నది సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలి పరిచిన నేల తమ అక్షరంలాగే మూడు మూలలుగా ఉందని, గ్రీకులు దానికి డెల్టా అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తరవాత లోకంలోని నదులన్నిటికీ పాకింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మన గోదావరికీ వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాని రైతు కూడా "మాది డెల్టా అండి" అని చెప్పుకుంటాడు. మా ఊరు ఆ త్రికోణంలో పై కొసకు దగ్గర. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన నీళ్ళే మా పొలాలకు వస్తాయి. ఆ లెక్కన నేను పుట్టిందీ పెరిగిందీ ఒక గ్రీకు అక్షరం లోపలే. ఎవరూ నాకు దాన్ని ప్రత్యేకంగా ఇవ్వలేదు, నేను ఎవరినీ అడగలేదు.

పదిరోజులకు చున్నీ తయారయింది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, అయినా వెంటనే ఫోను మోగింది.

"చిన్నమ్మమ్మా, ఎంత బాగుందో! కానీ దీన్ని ఎక్కడా పెట్టకు, స్టేటస్‌లో కూడా పెట్టకు. నాకింకా ఇనీషియేషన్ అవలేదు. అప్పటిదాకా లెటర్స్ వేసుకోకూడదు."

"చేరావు కదే?"

"చేరాను. కానీ ఇంకా అవలేదు."

చేరాను, కానీ ఇంకా అవలేదు. ఆ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. చున్నీని పాత ధోవతి గుడ్డలో చుట్టి, బీరువాలో పై అరలో పెట్టాను. ఆ తరవాత తీరిక దొరికినప్పుడల్లా పిల్లని అడిగి, చదివి, ఈ కట్టడి ఏమిటో తెలుసుకున్నాను.

గ్రీకు అక్షరాలను సంఘం పేరుగా పెట్టుకోవడం అమెరికాలో 1776లో మొదలయింది, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో. ఫై బీటా కప్పా అన్న ఆ మొదటి సంఘం పేరులోని మూడు అక్షరాలూ మూడు గ్రీకు మాటల తొలి అక్షరాలు. విద్యను ప్రేమించడమే బతుక్కి చుక్కాని అని ఆ మాటల భావం. మొదట్లో అది రహస్యం. లోపలికి వచ్చినవాళ్ళకే ఏ అక్షరం దేనికి గుర్తో చెప్పేవారు. తరవాత వచ్చిన సంఘాలు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. ఆడపిల్లలకు గ్రీకు అక్షరాల పేరుతో సంఘం 1870లో ఇండియానాలో పుట్టింది, కప్పా ఆల్ఫా తీటా అని. సొరోరిటీ అన్న మాట లాటిన్‌లో అక్కచెల్లెలు అనే మాటలోంచి తీసింది. మన దేశపు పిల్లలు, చుట్టుపక్కల దేశాల పిల్లలు కలిసి పెట్టుకున్నవి ఇటీవలివి. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా 1998లో మొదలయింది. టెక్సాస్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా తెలుస్తుంది కాబట్టి, ఇలాంటి సంఘాల్లో మన పిల్లలు కనబడటంలో వింత లేదు.

అన్ని సంఘాల్లోనూ ఒకే పద్ధతి లేదు. చాలా పాత సొరోరిటీల్లో పిలుపు అందుకున్న రోజునే కొత్తపిల్లకి అక్షరాలున్న చొక్కా చేతిలో పెట్టేస్తారు. ఆ చొక్కాలు తొడుక్కుని పచ్చికలో పరిగెత్తడం అక్కడ పెద్ద వేడుక. అయితే గుండెల మీద గుచ్చుకునే బ్యాడ్జి మాత్రం ఇనీషియేషన్ అనే దీక్ష అయ్యాకే, అప్పటిదాకా కొత్తవాళ్ళకి వేరే చిన్న పిన్ను. కొన్నిట్లో అక్షరాలు కూడా దీక్ష అయ్యేదాకా ముట్టుకోకూడదు. నల్లజాతి విద్యార్థినుల సంఘాల్లో ఆ కట్టడి మరీ గట్టిది. వాటి కథ తెలిశాక ఆ గట్టితనం నాకు అర్థమయింది. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడే 1913 జనవరిలో ఇరవై రెండుమంది విద్యార్థినులు డెల్టా సిగ్మా తీటా పెట్టుకున్నారు. రెండు నెలలైనా తిరక్కుండా, మార్చి 3న, ఆడవాళ్ళకు ఓటు కావాలని వాషింగ్టన్ వీధుల్లో సాగిన పెద్ద ఊరేగింపులో నడిచారు. ఆడవాళ్ళకే ఓటు లేని రోజుల్లో, నల్లవాళ్ళని పక్కన నడవనివ్వడానికే వెనకాడే ఊరేగింపులో వాళ్ళు తమ పేరుతో నడిచారు. అలా సంపాదించుకున్న పేరుని ఎవరు పడితే వారు బజార్లో కొనుక్కుని తొడుక్కుంటే మనసు ఒప్పుకోదు.

ఇంకొక కారణం కూడా ఉంది, అది నాకు మరీ నచ్చింది. ఆ అక్షరాలు ఏ మాటలకు గుర్తో కొత్తపిల్లకి ఇంకా తెలియదు. దీక్షనాడే చెబుతారు. అర్థం తెలియని అక్షరాన్ని ఒంటి మీద వేసుకోకూడదన్నది వాళ్ళ పట్టింపు.

మనం సరిగ్గా దీనికి తిరగేసి చేస్తాం. అక్షరాభ్యాసం గుర్తు చేసుకోండి. పళ్ళెంలో బియ్యం పరిచి, పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చూపుడువేలు పట్టుకుని, పెద్దవాళ్ళెవరో ఓనమాలు రాయిస్తారు. వాడికి అక్షరమంటే ఏమిటో తెలియదు. బియ్యం గింజ నోట్లో వేసుకోవాలని వాడి ధ్యాస. అయినా ఆ రోజుతో వాడికి అక్షరం వచ్చినట్టే లెక్క. బాసర సరస్వతి దగ్గరికి తీసుకెళ్ళినా, ఇంట్లో దేవుడి గూటి ముందు చేసినా పద్ధతి ఒకటే. అర్థం తరవాత వస్తుందన్న నమ్మకంతో అక్షరాన్ని ముందే చేతికిస్తాం.

కార్తీకం వచ్చిందంటే మా జంక్షన్‌లో ప్లాట్‌ఫారాలన్నీ నల్లబట్టలతో నిండిపోతాయి. అయ్యప్ప మాల కూడా ఇలాంటిదే. నలభై ఒక్క రోజుల మండలదీక్ష పూర్తి చేసినవాడికి బహుమతిగా వేసేది కాదు ఆ మాల. మొదటిరోజు తెల్లారుజామున వేస్తారు, దీక్ష అక్కణ్ణుంచి మొదలవుతుంది. నిన్నటిదాకా వీధిచివర బడ్డీ దగ్గర నిలబడి సిగరెట్టు కాల్చినవాణ్ణి ఈ పూట అందరూ స్వామీ అని పిలుస్తారు. భార్యా అలాగే పిలుస్తుంది, కన్నతల్లీ అలాగే పిలుస్తుంది. పదేళ్ళ కుర్రాడు మాల వేసుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళే వాడికి దణ్ణం పెడతారు. మొదటిసారి వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అని మరీ ముద్దుగా చూస్తారు. బెజవాడ అమ్మవారి భవానీదీక్షలో ఎర్రబట్టలు కట్టుకునే ఆడవాళ్ళ సంగతీ అంతే. స్వామీ అని పిలిపించుకున్నవాడికి ఆ పిలుపుకు తగినట్టు ఉండక తప్పదు. గుర్తు ముందు పడితే మనిషి దాని వెనక నడుస్తాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. మాల ఎవరికి వారు వేసుకోరు, గురుస్వామి చేత వేయించుకుంటారు. ఓనమాలు పిల్లవాడు తనంతట తను రాయడు, ఇంకొకరు వేలు పట్టుకుంటారు. జంధ్యం తండ్రి వేస్తాడు. తాళి ఎవరూ తమకు తాము కట్టుకోరు. మెడలో గొలుసు నా చేత్తో నేను వేసుకుంటే నగ, మరొకరి చేత్తో ఒక మాట చెప్పి వేస్తే గుర్తు. అక్షరాలు ముందా, దీక్ష ముందా అని నేను తలబద్దలు కొట్టుకుంటున్నదంతా ఈ చేయి దగ్గరికి వచ్చి ఆగింది. ఎందుకంటే అలాంటి చేయి ఒకటి నాకు తెలుసు.

1976లో నేను ఎనిమిదో తరగతి. మా బడిలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ దళం ఉండేది. అక్క పదో తరగతి, తామర పేట్రోలుకి నాయకురాలు. గైడ్స్‌లో పేట్రోళ్ళకు, అంటే చిన్న జట్లకు, పూల పేర్లు పెడతారు. కొత్తగా చేరినవాళ్ళు ప్రతిజ్ఞ నేర్చుకోవాలి, నియమాలు నేర్చుకోవాలి, జెండా సంగతులు, వందనం, ముళ్ళు, ఇవన్నీ వచ్చాక ఒకరోజు దీక్ష ఇస్తారు. ఆ రోజునే మెడలో స్కార్ఫ్ వేసి, మూడు రేకుల బ్యాడ్జి గుచ్చుతారు. అప్పటిదాకా యూనిఫాం వేసుకోవచ్చు గాని మెడ బోసిగా ఉండాలి.

నాకు ఆ బోసి మెడ భరించరానిదిగా ఉండేది. ఒక ఆదివారం అక్క జ్వరంతో పడుకుంది. దండెం మీద ఆరేసిన స్కార్ఫ్ తీసుకుని మెడకు చుట్టుకుని, కాలువ వంతెన మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. పని ఏమీ లేదు. నలుగురూ చూడాలని, అంతే. గాలికి స్కార్ఫ్ కొసలు భుజం మీద కొట్టుకుంటుంటే, నేను వేరే మనిషినైపోయినట్టు అనిపించింది. ఆ పది నిమిషాల సంతోషాన్ని నేను ఇవాళ్టికీ తప్పు అనలేను.

ఎవరు చూశారో, ఎలా తెలిసిందో. సోమవారం ప్రార్థనలో మా గైడ్ టీచరు నన్ను ముందుకు పిలిచారు.

"నిన్న నీ మెడలో ఉన్నది ఎవరిదమ్మా?"

"మా అక్కదండి."

"అయితే అక్క మెడలో ఉండాలి కదా?"

ఆ స్కార్ఫ్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా బడి మొత్తం ముందు నిలబడమన్నారు. చేతులు నొప్పెట్టాయి. వరసలో ఉన్న అక్క తల దించుకుంది. అది నన్ను మరీ కోసేసింది. పదమూడేళ్ళ పిల్లని అలా నిలబెట్టడం తప్పు. యాభై ఏళ్ళు కావస్తున్నా నా అభిప్రాయం మారలేదు. ఏకాంతంగా పిలిచి చెబితే సరిపోయేది.

సాయంత్రం అక్క తిట్టలేదు. పెరట్లో అరుగు మీద కూర్చోబెట్టి, అదే స్కార్ఫ్ నా చేతికిచ్చి రీఫ్ ముడి నేర్పింది. కుడిది ఎడమ మీదుగా, ఎడమది కుడి మీదుగా. సరిగ్గా పడితే ముడి చదునుగా పడుకుంటుంది, దెబ్బ మీద కట్టు కట్టినా ఒత్తుకోదు. తప్పు పడితే ఉబ్బెత్తుగా నిలబడి జారిపోతుంది. పది సార్లు విప్పించింది, పది సార్లు వేయించింది.

"ముందు ఇది రానీవే. మెడ ఎక్కడికీ పోదు," అంది.

మూడు నెలల తరవాత మా దీక్ష. మేం పదకొండుమందిమి. వరసగా ముందుకు వెళ్ళి, మూడు వేళ్ళు ఎత్తి ప్రతిజ్ఞ చెప్పాలి. నా వంతు వచ్చేసరికి గొంతు తడారిపోయింది. మా గైడ్ టీచరు నా మెడలో స్కార్ఫ్ వేసి, రెండు కొసలూ సమంగా లాగి, వాటిని పట్టి ఉంచే వోగుల్ పైకి జరిపారు. తరవాత బ్యాడ్జి తీశారు. పిన్ను గుచ్చేముందు తన ఎడమచేతి వేలు నా చొక్కా గుడ్డ వెనక పెట్టారు, పిన్ను లోపలికి దిగితే నాకు కాకుండా తన వేలికి తగిలేలాగా. "కదలకు, గుచ్చుకోదు," అన్నారు. పిన్ను దిగింది. ఆవిడ వేలు వెనక్కి తీసినప్పుడు కొసన చిన్న ఎర్రటి చుక్క. దాన్ని చీర కొంగున తుడుచుకుని, ఎడమచేయి నాకు ఇచ్చి కలిపారు. గైడ్స్ ఎడమచేతితోనే చేతులు కలుపుకుంటారు. తరవాత పక్కపిల్ల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ గుడ్డ వెనక వేలు పెట్టారు.

బడి ముందు నన్ను నిలబెట్టిన చేయి, నా కోసం పిన్ను పోటు తిన్న చేయి ఒకటే. రెండింటినీ కలిపే గుర్తుపెట్టుకున్నాను. ఒకదాన్ని తలుచుకుని రెండోదాన్ని మాఫీ చేయడం నాకు చేతకాలేదు, అక్కర్లేదు కూడా.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ స్కార్ఫ్ మన పిల్లల మెడలోకి అంత తేలిగ్గా రాలేదు. దొరల కాలంలో మొదట్లో స్కౌట్లలో భారతీయ పిల్లలను చేర్చుకోలేదు. మద్రాసులో అనిబిసెంట్ మన పిల్లలకు వేరే సంఘం పెట్టించాక గాని కథ మారలేదు. ఇప్పుడున్న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. ఇవేవీ వంతెన మీద నడిచిననాడు నాకు తెలియవు. తెలిసుంటే ఆ గుడ్డ ఇంకొంచెం బరువుగా అనిపించేదేమో.

గుర్తు ముందా, అర్హత ముందా అని మాట్లాడుకుంటూ మా ఊరివాళ్ళం రుద్రమదేవిని తలుచుకోకుండా ఉండలేం. ఆవిడ మా ఊరి కోడలు, నిడదవోలు చాళుక్య వీరభద్రుడి ఇల్లాలు. ఆమె తండ్రి గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురికే రాజ్యం అప్పగించాలనుకున్నాడు. ఆమె పేరు శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని కనబడుతుంది. తండ్రి బతికుండగానే ఆయనతో కలిసి పాలించింది. ఆడది సింహాసనం ఎక్కుతుందా అని సామంతులు ఎదురుతిరిగారు. ఆమె ముందు నెగ్గి చూపించాక అప్పుడు రాజముద్ర ఇద్దామని తండ్రి ఆగలేదు. ముందే ఇచ్చాడు. నెగ్గడం తరవాత నెగ్గింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. అప్పటిదాకా ఆమెకు యుద్ధాలు తప్పలేదు, ఆ పేరూ వదల్లేదు. ఎవరికీ నమ్మకం లేనప్పుడు గుర్తు ముందే ఇచ్చే చేయి ఒకటుండాలి. లేకపోతే కొందరికి ఎప్పటికీ రాదు.

చేయి గురించి ఇంత మంచిగా చెప్పాక దాని చెడు కూడా చెప్పాలి. నాట్యం నేర్చుకునే పిల్ల ఏళ్ళ తరబడి వట్టి కాళ్ళతో అడుగులు వేస్తుంది. గజ్జెపూజ చేసి, నటరాజు ముందు పెట్టి, గురువు చేత్తో ఇచ్చాకే గజ్జెలు కట్టుకుంటుంది. ఇవాళ రాజమండ్రిలో అయినా, మా పిల్ల ఉండే డల్లాసులో అయినా అది అమ్మానాన్నలు ఫొటోలు తీసుకునే పండగ. కానీ మన గోదావరి జిల్లాల్లో కలావంతుల ఇళ్ళలో ఒకప్పుడు గజ్జెపూజకు వేరే అర్థం ఉండేది. పిల్లని ఎవరూ అడిగేవారు కాదు. ఆ రోజుతో ఆమె బతుకు ఏ దారిన పోవాలో పెద్దలు తేల్చేసేవారు. 1947లో మద్రాసు చట్టం దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించింది. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన సరిదె మాణిక్యమ్మగారి వంటివాళ్ళ అభినయాన్ని తరవాతి కాలంలో కళగా గౌరవించి నేర్చుకున్నారు, అది వేరే మాట. అడక్కుండా కట్టిన గజ్జె సంకెల అవుతుంది, దాని మోత ఎంత తియ్యగా ఉన్నా.

వేసే చేతికి తీసేసే హక్కు కూడా ఉందనుకోవడం ఇంకో ఘోరం. భర్త పోయిన ఆడదాని బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టింది కూడా ఇంకొకరి చేతులే. చిన్నప్పుడు మా వీధిలో ఒకావిణ్ణి అలా కూర్చోబెట్టడం తలుపు సందులోంచి చూశాను. ఇవాళ్టికీ గాజుల చప్పుడు వింటే ఒక్కోసారి అదే గుర్తొస్తుంది. మాకు దగ్గర్లోనే ఉన్న రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించారు. ఒక పిల్లకి, లోకం తీసేసిన గుర్తులు మళ్ళీ పెట్టించారు. ఎన్ని వ్యాసాలు రాశారో లెక్కపెట్టేకన్నా, ఆ ఒక్కరోజు ఆ పిల్ల నుదుట బొట్టు పెట్టినవాళ్ళ చేతిని తలుచుకుంటే నాకు ఆయన గొప్పతనం బాగా తెలుస్తుంది.

అందుకే మా పిల్ల మాట విన్నాక నేను అడిగిన మొదటి ప్రశ్న అక్షరాల గురించి కాదు.

"ఈ రెండు నెలలూ మీ చేత ఏం చేయిస్తున్నారే?"

సంఘం పెట్టినవాళ్ళ పేర్లు నేర్చుకోవాలంది. అక్కలందరి పేర్లు, ఊళ్ళు తెలిసుండాలంది. వారానికి ఇన్ని గంటలు లైబ్రరీలో కూర్చోవాలి, మార్కులు తగ్గకూడదు, శనివారాలు పేదలకు సరుకులు పంచేచోట పని చేయాలి. ప్రతి కొత్తపిల్లకీ ఒక అక్కని జతచేస్తారు, మా పిల్లకి జతపడినమ్మాయిది వరంగల్లట. నా ప్రాణం కుదుటపడింది.

అలా అడగడానికి కారణం ఉంది. చేరాను, కానీ ఇంకా అవలేదు అన్న ఆ మధ్యకాలంలో పిల్ల చాలా మెత్తగా ఉంటుంది. ఆ అక్షరాల కోసం ఏం చేయమన్నా చేస్తుంది. గుర్తు తమ చేతిలో ఉందన్న ధైర్యంతో పెద్దపిల్లలు ఆ మెత్తదనాన్ని వాడుకున్న కథలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. అమెరికాలో కాలేజీలు ఇలాంటి వేధింపుల లెక్క బయటపెట్టాలని దేశమంతటికీ వర్తించే చట్టం 2024 డిసెంబరులో గాని రాలేదు. ఎదురుచూపు ఉండటంలో నాకు అభ్యంతరం లేదు. రీఫ్ ముడి రాకుండా స్కార్ఫ్ నా మెడలోకి వచ్చి ఉంటే, అది వంతెన మీది పదినిమిషాల సరదాతోనే ఆగిపోయేది. కానీ ఆ ఎదురుచూపుకి ఒక తేదీ ఉండాలి. ఏం నేర్చుకోవాలో మొదటిరోజే చెప్పాలి. చీకటిగదిలో చేయించేది, ఇంట్లో అమ్మకి చెప్పుకోలేనిది ఏదీ అందులో ఉండకూడదు. ఈ మూడూ ఉన్నచోట అక్షరాలు రెండు నెలలు ఆలస్యమైతే నష్టం లేదు. లేనిచోట మొదటిరోజే చేతికిచ్చినా ఆ చొక్కా తొడుక్కోవద్దని మా పిల్లకి చెప్పేదాన్ని.

నవంబరులో, కార్తీక పౌర్ణమి వెళ్ళాక, ఒక ఆదివారం పొద్దున్నే ఫోను వచ్చింది. దీక్ష అయిపోయింది. ఆ రాత్రి ఏం జరిగిందో, ఏ అక్షరానికి ఏమర్థమో నేను అడగలేదు, అది చెప్పలేదు. గొంతు మాత్రం కొంచెం బొంగురుపోయి ఉంది. "అక్క వేసింది చిన్నమ్మమ్మా, నా భుజాల మీద," అని ఒక్కమాట అంది. అక్క అంటే వరంగల్లు అమ్మాయి. నాకు మాత్రం వేరే అక్క, పెరట్లో అరుగు, పది సార్లు విప్పిన ముడి కనబడ్డాయి.

మర్నాడు బీరువాలోంచి చున్నీ తీసి, ఎండలో ఒక గంట ఆరేసి, పార్శిలు చేయించాను. దానితోపాటు ఒక ఉత్తరం పెట్టాను. ఫోనులో చెప్పలేని మాట కాబట్టి రాశాను. వచ్చే ఏడు నువ్వు పెద్దదానివవుతావు, నీ ముందు ఒక కొత్తపిల్ల మెడ బోసిగా నిలబడుతుంది, అది మన ఊరి పిల్ల కావచ్చు, ఏ ఊరిదైనా కావచ్చు. దాన్ని నలుగురిలో నిలబెట్టకు. ఎప్పుడు వేస్తావో ముందే చెప్పు. వేసేరోజు, పిన్ను గుచ్చేముందు, గుడ్డ వెనక నీ వేలు పెట్టు.